కర్నూలులో పుట్టిన ఉపకులపతి

1887 అక్టోబరు 14న కర్నూలులో ఒక తమిళ కుటుంబంలో కవలలు పుట్టారు. పెద్దవాడు రామస్వామి, చిన్నవాడు లక్ష్మణస్వామి. ఇద్దరూ కర్నూలు బడిలోనే చదువుకొని, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అన్నగారి సంగతి చరిత్ర చదివేవారికి కొత్త కాదు: జస్టిస్ పార్టీ, మైసూరు దివానుగిరీ, ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలికి తొలి అధ్యక్షత. ఈ టపా తమ్ముడి గురించి.

ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియార్ గారు ప్రసూతి వైద్యులు. మద్రాసు ఎగ్మూరులోని స్త్రీ, శిశు వైద్యశాలలో పనిచేశారు. 1939లో మద్రాసు వైద్య కళాశాలకు ప్రిన్సిపాలైన మొదటి భారతీయుడు ఆయనే. ప్రసూతి శాస్త్రం మీద ఆయన రాసిన పాఠ్యగ్రంథం, తరువాత కృష్ణమీనన్ గారి పేరు కూడా చేరి, కొత్త కొత్త ముద్రణలతో నేటికీ వైద్య విద్యార్థుల చేతుల్లో ఉంది. ఇంతవరకే అయితే ఆయనను మంచి వైద్యుడిగా, మంచి గురువుగా తలచుకొని ఊరుకునేవాళ్ళం. కాని 1942లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1969 దాకా, అంటే 27 సంవత్సరాలు, ఆ కుర్చీలోనే ఉన్నారు. అందులో మొదటి పన్నెండేళ్ళూ, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టేవరకూ, ఆయన పుట్టిన రాయలసీమలో మరో విశ్వవిద్యాలయం లేదు.

ఉపకులపతి గొప్పతనాన్ని దేనితో కొలవాలి? కట్టించిన భవనాలతోనా, ఇచ్చిన పట్టాలతోనా? నా మటుకు నాకు ఒకే కొలత తోస్తుంది: ఎవరిని తెచ్చాడు, తెచ్చాక వారిని ఎంత స్వేచ్ఛగా పనిచేసుకోనిచ్చాడు.

1952లో మద్రాసులో కొత్త భౌతికశాస్త్ర శాఖకు ఆచార్యుడు కావలసివచ్చాడు. ముదలియార్ గారు మొదట అడిగినది సాక్షాత్తూ సి.వి. రామన్ గారిని. ఆయన తాను రాననీ, తన శిష్యుడు జి.ఎన్. రామచంద్రన్‌ను తీసుకొమ్మనీ చెప్పారు. రామచంద్రన్ వయసు అప్పటికి 30 ఏళ్ళు. అంత చిన్నవాడి చేతిలో శాఖ మొత్తాన్ని పెట్టడానికి మన విద్యాసంస్థలు ఈనాటికీ జంకుతాయి. ముదలియార్ గారు జంకలేదు. గిండీలో ఎక్స్‌రే పరికరాలతో ప్రయోగశాల వెలిసింది. మద్రాసుకు వచ్చిన శాస్త్రవేత్త బెర్నాల్, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని మాటల్లో చెప్పారు. చర్మానికీ, ఎముకకూ, నరాలను పోలిన స్నాయువులకూ బలమిచ్చే మాంసకృత్తు అది. నమూనాకు దూరం పోనక్కరలేకపోయింది. పక్కనే కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ ఉంది (తరువాత 1958లో మన యలవర్తి నాయుడమ్మ గారు డైరెక్టరైనది దానికే). కంగారూ తోక స్నాయువును ఎక్స్‌రేలతో పరీక్షించి, 1954లో రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి కొల్లాజెన్ ముప్పేట తాడులాంటిదని 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

కథ అంతటితో ఆగలేదు. ఆ నమూనాలో కొన్ని అణువులు ఉండవలసినదానికంటే దగ్గరగా ఉన్నాయని క్రిక్, రిచ్ ఆక్షేపించారు. అసలు అణువులు ఎంత దగ్గరికి రావచ్చు అన్న ప్రశ్నను రామచంద్రన్ పట్టుకొని వదలలేదు. దాని ఫలితమే 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి వెలువరించిన పటం. ప్రపంచంలో ఏ మూల మాంసకృత్తుల నిర్మాణం చదివేవారికైనా 'రామచంద్రన్ ప్లాట్' తెలియకపోదు. ఆ పటంలో ముదలియార్ గారి పేరు ఎక్కడా ఉండదు. ఉండనవసరమూ లేదు.

ఈ మధ్యలో ఆయన చేసిన ఇతర పనులకు లెక్కలేదు. 1952–53లో మాధ్యమిక విద్యా సంఘానికి అధ్యక్షులు. మన ఊళ్ళల్లో ఒకప్పుడు వెలసిన 'మల్టీపర్పస్' బడుల ఆలోచన ఆ నివేదికలోదే. 1961లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సభకు అధ్యక్షత వహించారు. అదే కాలంలో ఆయన నడిపిన ఆరోగ్య సర్వే సంఘం, కొత్త ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు తెరిచేముందు ఉన్నవాటిని బలపరచమనీ, ఒక్కో కేంద్రానికి 40,000 మందిని మించనీయవద్దనీ చెప్పింది. ఆ మాట ఎవరు విన్నారు కనుక!

అయితే ఇంత పొగిడాక ఒక సందేహం చెప్పకపోతే అన్యాయం. 27 ఏళ్ళు ఒక్క మనిషి చేతిలో ఉన్న సంస్థ ఆ మనిషి మీదనే ఆనుకొని పెరుగుతుంది. ముదలియార్ గారు 1969లో దిగిపోయారు. 1970లో రామచంద్రన్ మద్రాసు విడిచారు. షికాగోకు వెళ్ళి, ఆపైన బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కొత్త శాఖను నెలకొల్పారు. ముదలియార్ గారి అండ పోవడంతో పరిస్థితులు మారడమే దీనికి కారణమని చెబుతారు. పద్ధతిగా నిలవవలసిన ఆదరణ వ్యక్తిగత అభిమానంగా మిగిలిపోయిందా అని నాకు అనుమానం. ఆయనంతటి దూరదృష్టి గలవారు, తన తరువాత ఎవరు అన్న ప్రశ్నకు జవాబును సిద్ధం చేయలేదు.

1974 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. మద్రాసు విశ్వవిద్యాలయం తరమణిలోని తన మౌలిక వైద్యశాస్త్రాల సంస్థకు ఆయన పేరే పెట్టుకుంది.