యారాడ కొండ, ఘాజీ, ఫేస్‌బుక్

వైజాగ్ వాళ్ళకి యారాడ అంటే కొబ్బరితోటలు, మూడువైపులా కొండలు, ఆదివారం పూట బీచి. సింధియా దాటి ఘాట్ రోడ్డు ఎక్కి దిగితే వచ్చే ఊరు. ఆ కొండ కొస సముద్రంలోకి మూతి చాచినట్టు ఉంటుంది, అదే డాల్ఫిన్స్ నోస్. పైన లైట్‌హౌసు, నేవీ వాళ్ళ ఏరియా ఉంటాయి. 2019 డిసెంబరులో ఈ కొండ పేరు దేశమంతా వినబడింది, అదీ ఒక గూఢచర్యం కేసు వల్ల. ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ వాళ్ళు ఆ కేసుకి పెట్టుకున్న పేరు ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’.

కథ క్లుప్తంగా ఇదీ. కొందరు కుర్ర నావికులకి ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో పరిచయాలయ్యాయి. అవతల ఉన్నది పాకిస్తాన్ గూఢచారులు. మాటలు పెరిగాయి, హవాలా దారిలో డబ్బులొచ్చాయి, ఓడలూ సబ్‌మెరైన్ల కదలికల సమాచారం బయటికెళ్ళింది అని ఆరోపణ. 2019 డిసెంబరు 20న ఏడుగురు నావికుల అరెస్టు బయటపడింది. తర్వాత కేసు ఎన్ఐఏ చేతికెళ్ళింది. 2020 జూన్‌లో వేసిన చార్జిషీటులో 14 మంది ఉన్నారు, వాళ్ళలో 11 మంది నేవీ వాళ్ళే. అరెస్టుల తర్వాత పదిరోజులు తిరక్కుండానే నేవీ తన స్థావరాల్లో, డాక్‌యార్డుల్లో, యుద్ధనౌకల మీద స్మార్ట్‌ఫోన్లూ ఫేస్‌బుక్కూ నిషేధించింది.

సరే, నేవీ గొడవ మనకెందుకు అంటారా? ఉద్యోగంలో చేరినరోజు ఎచ్చార్ వాళ్ళు సంతకం పెట్టించుకునే సోషల్ మీడియా పాలసీ ఉంది చూడండి, దాన్ని ఎలా రాయాలో, ఎలా రాయకూడదో ఈ కొండ చుట్టూ జరిగిన చరిత్రలోనే దొరుకుతుంది. దానికి ముందు ఇంకో 48 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1971 నవంబరు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది. దానికి కావాల్సింది మన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ దీవుల్లో దాచేసి, అది వైజాగ్ దగ్గరే ఉందని నమ్మించాలని పథకం వేసారు. ఆ పథకంలో ఆయుధాల కంటే కబుర్లే ఎక్కువ. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని సముద్రంలోకి పంపి, పెద్ద నౌక ఉన్నట్టు రేడియోలో బాగా సందడి చేయించారు. పెద్ద దళం వస్తున్నట్టు సరుకుల కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు భారీగా ఆర్డరిచ్చారు. వీటన్నిటికంటే నాకు నచ్చింది మూడోది. విక్రాంత్ మీద పనిచేసే ఒక నావికుడు, ఒంట్లో బాగాలేని తన తల్లి ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు ఒక ఉత్తుత్తి టెలిగ్రామ్‌ని కావాలనే మామూలు భాషలో, కోడ్ లేకుండా పంపించారు. ఇవన్నీ కృష్ణన్ తన ఆత్మకథలో రాసుకున్నవే.

డిసెంబరు 3-4 రాత్రి ఘాజీ వైజాగ్ హార్బరుకి కొద్ది మైళ్ళ దూరంలో మునిగిపోయింది. లోపలున్న 90 మందికి పైగా చనిపోయారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలవల్లా, తను మోసుకొచ్చిన మైన్లే పేలాయా అన్నదాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. కానీ అది విక్రాంత్‌ని వెతుక్కుంటూ ఖాళీగా ఉన్న చోటికి వచ్చిందన్నది మాత్రం నిజం.

ఇక్కడ కృష్ణన్ గారికి తెలిసిన విషయం ఏంటో చూడండి. మాంసం ఆర్డరు రహస్యం కాదు. అమ్మ ఆరోగ్యం అడగటం రహస్యం కాదు. కానీ వాటిని ఒకచోట చేర్చేవాడికి ఓడ ఎక్కడుందో తెలిసిపోతుంది. మన భాషలో చెప్పాలంటే మెటాడేటా అన్నమాట. 1971లో నేవీ ఆ బలహీనతని శత్రువు మీద వాడింది. 2019లో శత్రువు దాన్నే నేవీ మీద వాడాడు. సముద్రం అదే, హార్బరూ అదే, టెలిగ్రామ్ బదులు ఫేస్‌బుక్ వచ్చిందంతే.

ఇది గూఢచారుల వ్యవహారం మాత్రమే అనుకోకండి. స్ట్రావా అనే జాగింగ్ యాప్ 2017 నవంబరులో జనం ఎక్కడెక్కడ పరిగెత్తారో చూపించే ప్రపంచ పటం విడుదల చేసింది. పేర్లేమీ లేవు, ఉత్త గీతలే. 2018 జనవరిలో ఒక విద్యార్థి గమనించేదాకా, ఆఫ్ఘనిస్తాన్ లాంటి చోట్ల సైనిక స్థావరాల ఆకారాలు అందులో వెలుగుతున్నాయని ఎవరికీ తట్టలేదు. 2023లో సామ్‌సంగ్ ఉద్యోగులు కొందరు బగ్ దొరకట్లేదని కంపెనీ కోడ్‌ని చాట్‌జీపీటీలో పేస్ట్ చేసారు. కంపెనీ అలాంటి టూల్స్‌నే ఆపేసింది. మనలో ఎంతమంది స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఎర్రర్ లాగ్‌తో పాటు సర్వర్ పేరు కూడా పెట్టేసి ఉంటాం? గో-లైవ్ అయిన ఆనందంలో లింక్డ్‌ఇన్‌లో పెట్టే ఫోటో వెనక వైట్‌బోర్డు మీద ఏం రాసుందో ఎవరు చూస్తారు? చూసేవాడు చూస్తాడు.

మరి నిషేధమే మందా? యుద్ధనౌక మీద అయితే సరే, అక్కడ ప్రాణాలతో పని. 2020 జులైలో ఆర్మీ కూడా 89 యాప్‌లు తీసెయ్యమంది, దాని మీద ఒక అధికారి వేసిన పిటిషన్‌ని ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కానీ ఆఫీసుల్లో ప్రాక్సీ పెట్టి సైట్లు బ్లాక్ చేస్తే జనం జేబులోంచి ఫోన్ తీస్తారు, అంతే :-)

నిషేధంతో ఇంకో చిక్కుంది. రహస్యం కాపాడటానికి పుట్టిన రూలు మెల్లిగా నోరు మూయించే రూలు అవుతుంది. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ గారు మాస్కులు, రక్షణ కిట్లు సరిపడా లేవని మీడియా ముందు అన్నారు. వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. ప్రభుత్వం ఆ మాట నిజం కాదని ఆయన్ని సస్పెండ్ చేసింది. మే 16న వైజాగ్ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు కట్టేసిన దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. 2021 మేలో ఆయన చనిపోయారు. ఆయన చెప్పింది తప్పో ఒప్పో పక్కన పెట్టండి. మాస్కుల కొరత ఓడ కదలికల్లాంటి రహస్యమా? కాదు కదా. అది పనిచేసే మనిషి తన పని గురించి చేసిన ఫిర్యాదు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టే పాలసీ ఏదైనా సరే, దాన్ని నమ్మకూడదు.

దారి చూపించినవాళ్ళూ ఉన్నారు. 2005లో ఐబీఎంలో రూల్స్ రాసే పనిని ఉద్యోగులకే అప్పజెప్పారు. లోపల ఒక వికీలో అప్పటికే నెట్‌లో రాస్తున్న ఉద్యోగులే కూర్చుని రాసుకున్నారు. మీ పేరుతో రాయండి, ఇది కంపెనీ మాట కాదు నా మాట అని చెప్పండి, క్లయింట్ల సంగతులు బయటపెట్టకండి, తప్పు రాస్తే మీరే ముందు దిద్దుకోండి. మామూలు మనిషికి అర్థమయ్యే మాటలు. అందుకే చాలా కంపెనీలకి అది నమూనా అయింది.

ఈ చరిత్రంతా చూసాక ఒక మంచి పాలసీలో ఉండాల్సినవి నాకు నాలుగు కనిపిస్తున్నాయి.

1. ఏది రహస్యమో పేరు పెట్టి చెప్పాలి. ‘కంపెనీకి నష్టం కలిగించే సమాచారం’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. క్లయింట్ పేరు, సర్వర్ పేర్లు, వాడే వెర్షన్లు, రిలీజ్ తేదీలు, లాగ్ ఫైళ్ళు అని రాస్తే అర్థమవుతుంది.

2. ఎందుకో చెప్పాలి. మాంసం ఆర్డరు కథ ఒక్కసారి విన్న ఇంజనీరు వైట్‌బోర్డు ముందు ఫోటో దిగేముందు వెనక్కి తిరిగి చూసుకుంటాడు. ఇరవై పేజీల పీడీఎఫ్ ఆ పని చెయ్యలేదు.

3. వలలో పడ్డవాడు భయం లేకుండా వచ్చి చెప్పుకునే చోటు ఉండాలి. తెలియక ఒక లింకు నొక్కినవాడి ఉద్యోగం ఊడుతుందంటే వాడు దాస్తాడు. దాచినకొద్దీ అవతలివాడి పట్టు బిగుస్తుంది.

4. ఫిర్యాదుని లీకుగా లెక్కకట్టకూడదు. జీతం గురించో, పనిగంటల గురించో, భద్రత గురించో మాట్లాడటం తప్పు కాదని పాలసీలోనే రాయాలి. లోపల వినే దిక్కుంటే బయటికెళ్ళి అరిచే అవసరం చాలామందికి రాదు.

మొదటి మూడూ చాలా కంపెనీలు ఎంతో కొంత ఒప్పుకుంటాయి. నాలుగోది దగ్గరే పేచీ. మీరు సంతకం పెట్టిన కాగితం ఎక్కడో మెయిల్లో పడి ఉంటుంది, ఈసారి తీరిక దొరికినప్పుడు తీసి చదవండి. అందులో నాలుగోది కనబడకపోతే, వచ్చే టౌన్‌హాల్ మీటింగులో మర్యాదగానే అడగండి. ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటారు, పదిమంది అడిగితే తప్పకుండా రాస్తారు.