నదిలేని దేశంలో శీలావతి

సౌదీ అరేబియాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. వాన కురిసినప్పుడు ప్రవహించి, ఆపై ఎండిపోయే వాగులే అక్కడ ఉన్నాయి. అయినా రియాద్, జెద్దా, దమ్మామ్ నగరాలలో మనవారు సరుకులు కొనే దుకాణాలలో ఒక నదీమత్స్యం గడ్డకట్టించి అమ్ముతారు. దానిని అందరూ 'రోహు' అంటారు. గోదావరి, కృష్ణా తీరాలలో దాని పేరు శీలావతి.

రోహు అన్న మాటకు మూలం సంస్కృత 'రోహితం'. అమరకోశం ఈ చేపను పేర్కొన్నది. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలోనూ దీని ప్రస్తావన ఉంది. 1822లో గంగానది చేపలపై గ్రంథం వెలువరించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ శాస్త్రీయనామంలోనూ ఆ పాత పేరునే నిలిపాడు.

శీలావతి చెరువులో చక్కగా పెరుగుతుంది. గుడ్లు మాత్రం వర్షాకాలపు నదీప్రవాహంలోనే పెడుతుంది. అందుచేత పూర్వం నదులలో చేపపిల్లలను పట్టి చెరువులకు చేర్చేవారు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి ఈ చిక్కును విడదీశారు. చేపల పీయూషగ్రంథి నుండి తీసిన రసాన్ని సూదిమందుగా ఇచ్చి, కార్పు జాతి చేపలచేత చెరువునీటిలోనే గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే నేడు జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుతున్నారు.

దీని ఫలితం కొల్లేటి ప్రాంతంలో ప్రస్ఫుటంగా కనిపించింది. 1970వ దశకం నుండి అక్కడ చేపల చెరువులు విస్తరించాయి. శీలావతి, బొచ్చె చేపలు మంచుపెట్టెలలో లారీలెక్కి కోల్‌కతాకు, ఈశాన్య రాష్ట్రాలకు తరలాయి. ఎందరికో జీవనోపాధి దొరికింది. అయితే సరస్సు గట్లమధ్య ఇరుకైపోయింది. పక్షుల నెలవులు తరిగాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అయిదవ కాంటూరు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించింది. బతుకుతెరువుకూ సరస్సుకూ మధ్య ఆ పెనుగులాట నేటికీ తీరలేదు.

గల్ఫ్ దుకాణాలకు వచ్చే రోహు చాలావరకు బంగ్లాదేశ్, మయన్మార్ చెరువులలో పెరిగినది. కోనసీమ నుండో, కరీంనగర్ నుండో వెళ్లిన కార్మికుడు సెలవునాడు వండుకొనే పులుసులోని చేప కొల్లేటిది కాకపోవచ్చు. జాతి మాత్రం అదే. ఆ పొట్లంపై శీలావతి అన్న పేరు ఉండదు. పరదేశంలో పుట్టిన పిల్లలకు ఆ పేరు అందాలంటే, వడ్డించేటప్పుడు పెద్దలు చెప్పవలసిందే.