తొలి రోజుల స్మార్ట్‌ఫోన్లు: ఎవరికి ఏది పనికొచ్చింది, మన తెలుగు ఎక్కడ ఆగింది

పిల్లలూ, ఇవాళ మీ దృష్టిలో ఫోను అంటే రెండే జాతులు. ఒకటి ఆండ్రాయిడ్, రెండోది ఐఫోన్. సుమారు 2002 నుంచి 2012 దాకా ఇలా ఉండేది కాదు. సింబియన్, బ్లాక్‌బెర్రీ, పామ్, విండోస్ మొబైల్ అని ఇంకా నాలుగు రకాలు అంగడిలో ఉండేవి. మీ అమ్మానాన్నల్లో చాలామంది మొదటి స్మార్ట్‌ఫోను కొన్నది ఆ రోజుల్లోనే. ఈ పేర్లన్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌లవి. ఫోను పైన ఎవరి పేరున్నా, లోపల ఈ సిస్టమ్ ఒప్పుకున్నంత వరకే అది పని చేస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏంటని ఎనిమిదో తరగతి పిల్లలు అడిగితే నేను బడి ఆఫీసుతో పోల్చి చెబుతాను. గదులు, బల్లలు, నల్లబల్ల ఉన్నంత మాత్రాన బడి నడవదు. ఏ గదిలో ఏ తరగతి, గంట ఎప్పుడు కొట్టాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి అన్నది ఆఫీసు చూస్తుంది. ఫోనులో ఆ పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. తెర మీద ఏ భాష అక్షరాలు సరిగ్గా కనబడాలో కూడా అదే తేలుస్తుంది. తెలుగు రాష్ట్రాల బయట కూర్చుని తెలుగు చదువుకుంటున్న మనకు అసలు సంగతి అక్కడే ఉంది.

మొట్టమొదటి స్మార్ట్‌ఫోనుగా ఐబీఎం సైమన్‌ను చెబుతారు. 1994లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. టచ్ తెర, ఈమెయిలు, ఫ్యాక్సు, క్యాలెండరు అన్నీ అందులో ఉండేవి. మాట్లాడుతూ ఉంటే గంటకే బ్యాటరీ అయిపోయేది. 1996లో నోకియా 9000 కమ్యూనికేటర్ వచ్చింది. పెట్టెలా తెరిస్తే లోపల పూర్తి కీబోర్డు. బరువు దాదాపు 400 గ్రాములు, చొక్కా జేబులో వేసుకుంటే జేబు చిరగాల్సిందే.

మన దేశంలో మామూలు మనుషుల చేతికి అందిన మొదటి స్మార్ట్‌ఫోన్లు సింబియన్‌వి. 1998లో బ్రిటన్‌కు చెందిన సయాన్ అనే సంస్థ, నోకియా, ఎరిక్సన్, మోటరోలా కలిసి సింబియన్ కంపెనీ పెట్టాయి. సయాన్ వాళ్లు అంతకుముందు చేతిలో పట్టే చిన్న కంప్యూటర్ల కోసం రాసుకున్న సిస్టమే దీనికి మూలం. అందుకే తక్కువ మెమరీతో, తక్కువ బ్యాటరీతో నెట్టుకురావడం దానికి పుట్టుకతోనే వచ్చింది. 2002లో నోకియా 7650, 2003లో 6600, ఆ తర్వాత ఎన్70, ఎన్95, ఈ71 వచ్చాయి. కరెంటు కోతల ఊళ్లలో రెండు మూడు రోజులు ఛార్జింగు నిలిచే ఫోను అంటే చిన్న విషయం కాదు. బ్యాటరీ తీసి వేరేది వేసుకోవచ్చు. మెమరీ కార్డు పెట్టుకోవచ్చు. బ్లూటూత్‌తో పాటలు, ఫోటోలు పక్కవాళ్లకు పైసా ఖర్చు లేకుండా పంపుకోవచ్చు. మన చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ 2006లో మొదలై 2014 దాకా నడిచింది కాబట్టి, నోకియా అంటే ఈ వైపు జనానికి ఇంటి సరుకు లాంటిదే.

సింబియన్‌కు ఇబ్బందులూ ఉండేవి. ఒక మెనూలో ఇంకో మెనూ, దానిలో మరొకటి. పైగా 2006 ప్రాంతంలో సిస్టమ్‌ను లోపల బాగా మార్చేశారు. అంతకుముందు ఫోన్ల కోసం తయారైన అప్లికేషన్లు కొత్త ఫోన్లలో ఎక్కేవి కావు. కొత్త ఫోను కొంటే పాత అప్లికేషన్లన్నీ వదులుకోవలసిందే.

బ్లాక్‌బెర్రీ కెనడా కంపెనీది. దాని గొప్పతనమంతా ఈమెయిలే. మిగతా ఫోన్లలో మెయిలు వచ్చిందా అని మనం వెళ్లి చూసుకోవాలి. బ్లాక్‌బెర్రీలో మెయిలు తానే వచ్చి తలుపు తట్టేది. బొటనవేళ్లతో టైపు చేసే దాని కీబోర్డు లాంటిది మళ్లీ రాలేదంటే ఒప్పుకోవాలి. కానీ ఆ మెయిలు సదుపాయానికి నెలనెలా విడిగా ప్యాకేజీ కట్టాలి. కట్టకపోతే ఫోను సగం చచ్చినట్టే. కంపెనీ వాళ్లు బిల్లు కట్టే ఉద్యోగులకు అది సరిపోయింది. సొంత డబ్బుతో కొన్నవాళ్లకు బరువైంది.

పామ్ ఫోన్లు మన వైపు తక్కువే కనబడ్డాయి. పుల్లతో తెర మీద రాస్తే అక్షరంగా మార్చే పద్ధతి ఒకటి పామ్‌కు పేరు తెచ్చింది. అయితే దాని లిపిని మనమే కొత్తగా నేర్చుకోవాలి! విండోస్ మొబైల్ అంటే కంప్యూటరును కుదించి జేబులో పెట్టినట్టు. వర్డు, ఎక్సెల్ ఫైళ్లు తెరవవలసినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అది ప్రయాసే.

ఐఫోన్ 2007 జూన్‌లో అమెరికాలో, 2008 ఆగస్టులో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. వేలితో నడిచే తెర, కంప్యూటరులో లాగే ఇంటర్నెట్టు పేజీలు. చూసినవాళ్లు నోరు తెరిచారు. ఇక్కడ దాని ధర ఎనిమిది జీబీకి 31,000 రూపాయలు. అంత పోసి కొన్నా వీడియో తీయడం లేదు, ఒకచోట అక్షరాలు కాపీ చేసి ఇంకోచోట అతికించడం లేదు, వచ్చిన మెసేజిని ఇంకొకరికి పంపడం లేదు, బ్లూటూత్‌తో ఫోటో ఇవ్వడం లేదు. వీటిలో మొదటి మూడూ 2009లో గానీ రాలేదు, నాలుగోది మామూలు పద్ధతిలో అసలే రాలేదు. అదే సమయానికి నోకియా ఎన్95లో అయిదు మెగాపిక్సెళ్ల కెమెరా, వీడియో, దారి చూపే జీపీఎస్ ఉన్నాయి. కాగితం మీద గుణాలు లెక్కపెడితే నోకియాయే గెలవాలి. కానీ చదువురాని ముసలమ్మ చేతికిచ్చినా ఐఫోన్ నడిచేది. ఆ తేడా గుణాల పట్టికలో కనబడదు.

2008 చివర్లో ఆండ్రాయిడ్ మొదటి ఫోను వచ్చింది. ఏ కంపెనీ అయినా తీసుకుని తన ఫోనులో పెట్టుకోవచ్చు, సిస్టమ్‌కు రుసుము కట్టనక్కరలేదు. దాంతో రెండు మూడేళ్లలోనే ధరలు దిగి మన ఇళ్లలోకి వచ్చేసింది.

2009లో అంగడి నడుపుకునే మనిషికి ఏ ఫోను కొనమని చెప్పాలంటే, నా లెక్కలో నోకియా ఈ71. రోజంతా మాటలు, లెక్కల నోట్సు, గట్టి ఇనుప ఒళ్లు. ఊరూరా తిరిగే ఉద్యోగికి, కంపెనీయే కట్టేటట్టయితే, బ్లాక్‌బెర్రీ. ఐఫోన్ డబ్బున్నవాళ్లకే. కాలేజీ పిల్లలకు పాటలు, రేడియో ఉన్న ఏ నోకియా అయినా చాలు. అయితే వీళ్లలో ఎవరైనా ‘నాకు తెలుగులో చదవాలి, తెలుగులో రాయాలి’ అని అడిగి ఉంటే మాత్రం చూపించడానికి సరైన ఫోను దాదాపు లేదు.

ఎందుకు లేదో చూడండి. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే సంకేతాలు ఇచ్చారు. సంకేతం ఒక్కటే చాలదు. ఫాంటు ఉండాలి, ఒత్తుల్నీ గుణింతాల్నీ సరైన చోట కూర్చే ఏర్పాటు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండాలి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. ఫోను లోపల అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుడి. ఫాంటు లేకపోతే తెర మీద ఖాళీ డబ్బాలు. ఫాంటు ఉండి కూర్పు లేకపోతే ‘స్‌త్‌రీ’ అని ముక్కలుముక్కలుగా వస్తుంది.

దీని మీద మెసేజి ఖర్చు ఒకటి. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. తెలుగులో అయితే 70 ముక్కలే. ‘నమస్కారం’ మన లిపిలో ఎనిమిది ముక్కలు, ఇంగ్లీషు అక్షరాల్లో పది. అంటే ఇంగ్లీషు అక్షరాల్లో పదహారు నమస్కారాలు పట్టే మెసేజిలో మన లిపిలో పట్టేవి ఎనిమిదే. ప్రతి మెసేజికీ డబ్బు పోయే రోజుల్లో ఎవరు మాత్రం ఏం చేస్తారు? అందరూ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకున్నారు. ఫోన్లు మారిపోయాయి, ఈ అలవాటు మాత్రం ఉండిపోయింది. మన బడి నోటీసులకు మీరు పంపే జవాబుల్లో ఇప్పటికీ ఎక్కువ అలాంటివే. పి, ఏ, డి, యు అని రాస్తే పడు, పాడు, పాదు మూడూ ఒకటే అవుతాయి. ఇంట్లో రోజూ తెలుగు వినే పెద్దలకు అర్థమవుతుంది. పక్కింట్లో, బస్సులో, ఆటస్థలంలో అరవమే వినే పిల్లవాడు దేన్ని పట్టుకోవాలి?

ఆ రోజుల్లోనూ దారి వెతుక్కున్నవాళ్లు ఉన్నారు. ఒపేరా మినీ అనే బ్రౌజరులో ఒక లోపలి సెట్టింగు ఉండేది. అది మారిస్తే తెలుగు పేజీలోని అక్షరాలను వాళ్ల సర్వరులోనే కూర్చి బొమ్మలుగా ఫోనుకు పంపేది. ఫోనుకు తెలుగు రాకపోయినా మనకు చదవడం కుదిరేది. తెలుగు పేపర్లను ఫోనులో మొదట ఇలా చదివినవాళ్లు మీ ఇళ్లలోనే ఉండవచ్చు, అడిగి చూడండి.

2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు, కన్నడం, మలయాళం లిపులు ఆ సిస్టమ్‌లోకే వచ్చాయి. 2016లో కేంద్ర ప్రభుత్వం, దేశంలో అమ్మే ఫోన్లన్నిటిలో 22 భారతీయ భాషలూ చదవడానికి వీలుండాలని ఆదేశం ఇచ్చింది. ఆ తర్వాత అది అమల్లోకి వచ్చింది. ఫోను ఏ రాష్ట్రంలో కొన్నా తెలుగు కనబడాలన్న మాట. మనలాంటివాళ్లకు ఇది ఎంతో మేలు. అయినా 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ను ఒక తీరులో కూర్చి పంపితే ఐఫోన్లలో మెసేజి అప్లికేషన్లు మూతబడిపోయాయి. ఆపిల్ వాళ్లు అదే నెలలో సరిచేశారు.

పాత సిస్టమ్‌లు ఒక్కొక్కటిగా పోయాయి. సింబియన్ ఫోన్లలో వాట్సాప్ 2017 జూన్‌తో ఆగింది. పాత బ్లాక్‌బెర్రీ సేవలు 2022 జనవరి 4న ఆగిపోయాయి. జియోకు మొదటినుంచీ 2జీ, 3జీ లేవు కాబట్టి ఈ పాత ఫోన్లలో ఆ సిమ్ము పనిచేయదు.

బీరువాలో అలాంటి ఫోను ఉంటే పారేసే ముందు లోపల ఏముందో చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగు పెట్టకండి, తీసి పక్కన పెట్టండి. బాగుంటే ఆన్ చేసి ఫోటోలు, ఫోను నంబర్లు బ్లూటూత్‌తో ఆండ్రాయిడ్ ఫోనుకు పంపవచ్చు. ఐఫోన్ ఇలా తీసుకోదు. మెమరీ కార్డు ఉంటే మన కంప్యూటరు గదికి తెండి, కార్డు రీడరు ఉంది. మెసేజిలు మాత్రం తేలిగ్గా బయటికి రావు. దాచుకోవలసినవి ఉంటే తెరకే ఇంకో ఫోనుతో ఫోటో తీసుకోండి.