సుఖవ్యాధి - ఎవరి సుఖం?

మన పెద్దవాళ్లు పేర్లు పెట్టడంలో భలే గడుసువాళ్లు. సవాయి, సెగ వంటి రోగాలన్నిటినీ కలిపి 'సుఖవ్యాధులు' అన్నారు. సుఖం ఆయనది, వ్యాధి మాత్రం ఇద్దరిదీ! గుమ్మం దాటని ఇల్లాలికి ఆ పేరులో మొదటి సగంతో సంబంధమే లేదు.

పైగా వీటిల్లో కొన్ని ఆడవాళ్లకు పైకి ఏ గుర్తూ చూపించవు. లోలోపలే గర్భనాళాలు మూసుకుపోతాయి. ఆ తర్వాత 'గొడ్రాలు' అన్న మాట ఆమెకే, మొక్కులూ వ్రతాలూ ఆమెకే. ఆయన్ని పరీక్ష చేయించుకోమన్నదెవరు? 1943లో అమెరికా డాక్టర్లు పెన్సిలిన్‌తో సవాయి కుదిరిస్తే లోకం పొంగిపోయింది. రోగానికి మందు దొరికింది గాని, సిగ్గుకి దొరకలేదు.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల మన దేశంలో మొదటిసారి హెచ్.ఐ.వి.ని బయటపెట్టారు. ఇరవయ్యేళ్లు తిరక్కుండానే, ఆ జబ్బు ఎక్కువగా వున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా చేరింది. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చూశారా? విజయవాడ-హైదరాబాదు రహదారి మీది వూరు. 2014 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల సరిహద్దూ అక్కడే. రాత్రింబవళ్లు లారీలే లారీలు. రోజుల తరబడి ఇల్లు వదిలివుండే డ్రైవర్ల కోసం 2003లో మొదలైన 'అవహాన్' పథకం జాతీయ రహదారుల వెంట నిరోధ్‌లూ, చికిత్సా అందించింది. అలాగని లారీవాళ్లని ఆడిపోసుకుని చేతులు దులుపుకుంటే ఎలా? ఇస్త్రీ చొక్కాల ఇళ్లలోకీ ఆ జబ్బు అలాగే వచ్చింది.

ఆ రోజుల్లోనే గోడల మీద ఓ ప్రశ్న వెలిసింది: 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' బొంబాయిలో బల్బీర్ పాషా గురించి వేసిన ప్రశ్నకి ఇది తెలుగు తమ్ముడు. పిల్లలు అన్నాల దగ్గర "పులిరాజా ఎవరమ్మా?" అనేవారు. అమ్మ పెరుగు తెస్తానని లేచేది. నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఏమైతేనేం, మాట ఇంట్లోకొచ్చింది. కాని ఆ ప్రశ్నలో పులిరాజా భార్య ఊసే లేదు! మన దేశంలో హెచ్.ఐ.వి. వున్న ప్రతి 10 మందిలో నలుగురికి పైగా ఆడవాళ్లే మరి.

2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. గర్భిణికి సకాలంలో పరీక్షచేసి మందిస్తే బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపవచ్చు. జబ్బు తగ్గింది గాని పోలేదు.

ఇక మన పిల్లల సంగతి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకి మూలమైన హెచ్.పి.వి. కూడా ఇలా సోకేదే. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు దానికి టీకా వుంది. 2023లో మన దేశంలో తయారైనదీ బజారుకొచ్చింది. అమ్మాయికి టీకా వేయించడంతో సరిపోదు. నిరోధ్ ఎందుకో, అనుమానం వస్తే పరీక్ష ఎందుకో అబ్బాయికీ చెప్పాలి. అమ్మాయికి వెయ్యి జాగ్రత్తలు చెప్పే మనం, అబ్బాయి దగ్గర కొచ్చేసరికి "మగపిల్లాడు, వాడికే తెలుస్తుంది" అంటాం. ఎలా తెలుస్తుందండీ, ఎవరూ చెప్పకపోతే?

ఈసారి వాడేదైనా అడిగితే, పెరుగు కోసం లేవకండి.