పాత ఆర్కేడ్ బోర్డుల మెమరీ చిప్‌లు – చదివే విధానం

నాణెం వేసి ఆడే వీడియో ఆటల యంత్రాలను ఆర్కేడ్ యంత్రాలు అంటారు. జపాన్‌కు చెందిన టైటో సంస్థ 1978లో ‘స్పేస్ ఇన్వేడర్స్’ అనే ఆటను, నామ్కో సంస్థ 1980లో ‘ప్యాక్‌మ్యాన్’ అనే ఆటను విడుదల చేశాయి. ఇటువంటి యంత్రంలో ఆట యావత్తూ ఒక సర్క్యూట్ బోర్డు మీది కొన్ని చిప్‌లలో నిక్షిప్తమై ఉంటుంది. ఆ చిప్‌లు శాశ్వతమైనవి కావు. వాటిలోని సమాచారం చెరిగిపోకముందే చదివి, నకలు తీసి ఉంచకపోతే, ఆ బోర్డుతోపాటు ఆ ఆట కూడా అంతరిస్తుంది.

చిప్‌లలో రకాలు

అమెరికాలో మిడ్‌వే సంస్థ తయారుచేసిన స్పేస్ ఇన్వేడర్స్ బోర్డులో ప్రోగ్రామ్ మొత్తం 8 కిలోబైట్లు మాత్రమే. అది నాలుగు చిప్‌లలో, ఒక్కొక్క దానిలో 2 కిలోబైట్ల చొప్పున ఉంటుంది. అదే సంస్థ తయారుచేసిన ప్యాక్‌మ్యాన్ బోర్డులో ప్రోగ్రామ్ 16 కిలోబైట్లు, బొమ్మలు 8 కిలోబైట్లు. రంగులకూ, ధ్వనికీ వేరుగా చిన్న చిప్‌లు ఉంటాయి.

ఈ చిప్‌లు ప్రధానంగా మూడు రకాలు. కర్మాగారంలోనే సమాచారాన్ని ముద్రించి తయారుచేసేది మాస్క్ రోమ్. ఒక్కసారి మాత్రమే వ్రాయడానికి వీలైనది ప్రోమ్. వ్రాసినదానిని చెరిపి మళ్లీ వ్రాయడానికి వీలైనది ఈప్రోమ్. ఈప్రోమ్‌ను 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ రూపొందించారు. పై భాగంలో చిన్న గాజు కిటికీ ఉండటం దీని గుర్తు. ఆ గాజు క్వార్ట్‌జ్‌తో చేసినది.

సమాచారం ఎందుకు చెరుగుతుంది?

ఈప్రోమ్‌లో ప్రతి బిట్‌కూ ఒక సూక్ష్మమైన గది ఉంటుంది. దాని చుట్టూ విద్యుత్తును ప్రవహింపనీయని పొర ఉంటుంది. గదిలో విద్యుదావేశం ఉంటే 0, లేకపోతే 1. కిటికీ ద్వారా అతినీలలోహిత కిరణాలు పడినప్పుడు ఆ ఆవేశం బయటికి పోతుంది. అన్ని బిట్లూ 1గా మారితే చిప్ ఖాళీ అయినట్లే. సూటిగా ఎండ తగిలితే సుమారు ఒక వారంలోనూ, నిరంతరం ట్యూబ్‌లైటు వెలుగులో ఉంటే సుమారు మూడేళ్లలోనూ చెరిగిపోవచ్చునని తయారీదారులే హెచ్చరించారు. చీకటిలో ఉంచినప్పటికీ దశాబ్దాలు గడిచేకొద్దీ ఆవేశం కొద్దికొద్దిగా తగ్గుతుంది. అందువల్ల కిటికీపై అంటించిన కాగితాన్ని ఎన్నడూ ఊడదీయకూడదు. ఆ కాగితంపై ఆట పేరు, చిప్ సంఖ్య కూడా ఉండే అవకాశం ఉంది.

చదివే పద్ధతి

ఉదాహరణకు 2716 అనే చిప్‌ను తీసుకుందాం. దీనికి 24 కాళ్లు ఉంటాయి. వాటిలో 11 చిరునామా కాళ్లు, 8 సమాచార కాళ్లు. 11 కాళ్లతో 0 నుండి 2047 వరకు మొత్తం 2048 చిరునామాలు ఇవ్వవచ్చు. ఒక్కొక్క చిరునామా ఇచ్చినప్పుడల్లా 8 కాళ్లపై ఒక బైట్ వెలువడుతుంది. రీడర్ పరికరం ఈ పనిని వరుసగా చేసి, వచ్చిన బైట్లను కంప్యూటర్‌లో ఒక ఫైలుగా నిలుపుతుంది.

పని ప్రారంభించే ముందు బోర్డును ఫోటో తీయాలి. ఏ చిప్ ఏ స్థానంలో, ఏ దిశలో ఉన్నదో వ్రాసుకోవాలి. సాకెట్‌లో ఉన్న చిప్‌ను రెండు చివరలా కొద్దికొద్దిగా పైకి లేపుతూ తీయాలి. ఒకవైపు మాత్రమే లేపితే కాళ్లు విరుగుతాయి. నల్లబడిన కాళ్లను నెమ్మదిగా శుభ్రం చేయాలి. చిప్ అంచున ఉన్న గంటును చూసి సరియైన దిశలోనే రీడర్‌లో అమర్చాలి. తలక్రిందులుగా పెడితే చిప్ కాలిపోవచ్చు.

పేరు చూసి మోసపోరాదు

2708 చిప్‌కు 5 వోల్టులు ఒక్కటే చాలవు. మైనస్ 5, ప్లస్ 12 వోల్టులు కూడా కావాలి. మైనస్ 5ను అన్నిటికంటే ముందు ఇచ్చి, అన్నిటికంటే చివర తీసివేయాలి. నేడు లభించే చౌక రీడర్లలో అనేకం ఈ చిప్‌ను చదవలేవు. ఇంటెల్ 2716కు ఒక్క 5 వోల్టులు చాలుతుండగా, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్ 2716కు మూడు రకాల వోల్టేజీలూ అవసరం. అదేవిధంగా 2532, 2732 చిప్‌లు రెండూ 4 కిలోబైట్లవే అయినప్పటికీ వాటి కాళ్ల అమరిక వేరు.

చదివినది సరియైనదేనా?

ఒక్కసారి చదివి ఊరుకోరాదు. చిప్‌ను తీసి, మళ్లీ అమర్చి, కనీసం మూడుసార్లు చదివి ఫైళ్లను పోల్చాలి. అన్నీ 1లే వస్తే చిప్ చెరిగిపోయి ఉండవచ్చు, లేదా కాళ్లు సరిగా తగలకపోయి ఉండవచ్చు. ఫైలులోని రెండు సగాలూ ఒకేలా ఉంటే ఒక చిరునామా కాలు తగలలేదేమో చూడాలి. చదివిన ప్రతిసారీ ఫలితం మారుతుంటే చిప్ బలహీనపడినట్లు. అటువంటప్పుడు వోల్టేజీని 5 కంటే కొద్దిగా తగ్గించి చదివితే సరియైన సమాచారం దక్కే అవకాశం ఉంది.

1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా ప్రారంభించిన ‘మేమ్’ ప్రాజెక్టు వేలాది ఆటల చిప్‌లకు సరిపోల్చే సంఖ్యలను నమోదు చేసింది. కొత్తగా చదివిన ఫైలు సంఖ్య అందులోని దానితో కలిస్తే చదివినది సరియైనదే. కలవకపోతే చదవడంలో పొరపాటు జరిగి ఉండవచ్చు, లేదా అది ఇంతవరకు ఎవరూ భద్రపరచని కూర్పు అయి ఉండవచ్చు. ఈ రెండవ సందర్భంలో ఆ ఒక్క బోర్డే ఆధారం కనుక తొందరపాటు తగదు.

బ్యాటరీతో ముడిపడిన బోర్డులు

క్యాప్‌కామ్ సంస్థ 1993లో ప్రవేశపెట్టిన సీపీఎస్-2 బోర్డులలో ప్రోగ్రామ్ సంకేతలిపిలో ఉంటుంది. దానిని విప్పే తాళంచెవి బ్యాటరీపై ఆధారపడిన మెమరీలో ఉంటుంది. బ్యాటరీ అయిపోతే తాళంచెవి పోతుంది, ఆట నిలిచిపోతుంది. ఈ సంకేతలిపి రహస్యాన్ని 2007లో ఛేదించారు. నిలిచిపోయిన బోర్డులకు తాళంచెవిని తిరిగి ఎక్కించే మార్గాన్ని 2016లో కనుగొన్నారు. ఇటువంటి బోర్డును ఊరికే బ్యాటరీ ఊడదీసి చూడరాదు.

నకలే రక్ష

తాళపత్రం శిథిలం కాకముందే మరొక పత్రంపై ఎత్తి వ్రాసుకొనడం మన పూర్వుల పద్ధతి. ఆంధ్రదేశానికి వెలుపల, తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్ర గ్రంథాలు నేటికీ ఉన్నాయి. చిప్‌ల విషయంలోనూ మార్గం ఇదే. ఫైలును కనీసం రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి. చిప్ పేరు, బోర్డుపై దాని స్థానం, చదివిన తేదీ దానితోపాటు వ్రాసి ఉంచాలి. నకలు తీసినంత మాత్రాన ఆటపై హక్కు రాదు, అది హక్కుదారులదే. 1980, 1990 దశకాల కంప్యూటర్లలోనూ ఈప్రోమ్‌లను వాడారు కనుక ఈ జాగ్రత్తలు వాటికీ వర్తిస్తాయి. పాత బోర్డు చేతికి వచ్చినప్పుడు తుక్కుకు వేయకముందు, ఎండలో పెట్టకముందు, కిటికీ ఉన్న చిప్ దానిపై ఉన్నదేమో చూడటం మంచిది.