ఓడెడిచోట వెచ్చించు ధనము

ఎన్నికలలో రాజకీయపక్షములు ఎంత ధనము వ్యయము చేసినవని విచారించువారు పెక్కురు. ఎచ్చట వ్యయము చేసినవని విచారించువారు కొలదిమంది. మా యభిప్రాయమున రెండవ ప్రశ్నయే ముఖ్యమైనది. గెలుపోటములు త్రాసులో తూగుచున్నచోట డబ్బు కుమ్మరించుట యెల్లరకు దెలిసిన విద్యయే. తరతరములుగా ఓడుచున్న సీమలో నొక పక్షము డబ్బు పెట్టినపుడు గాని దాని యుద్దేశము బయటపడదు. ఇందులకు అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణసీమ మంచి నిదర్శనము. ఆ నేలమీదనే మొదట రిపబ్లికనులును, ఏబదియేండ్లకు దాపుగా గడచిన పిమ్మట డెమోక్రాటులును ఈ పనికి పూనుకొనిరి.

అచ్చటి యెన్నికల పద్ధతిని చదువరులు ముందుగా దెలిసికొనవలెను. అధ్యక్షుని యెన్నికలో మెయిన్, నెబ్రాస్కాలు దక్క తక్కిన రాష్ట్రములన్నిటను, ఎక్కువ వోట్లు వచ్చినవానికే ఆ రాష్ట్రపు ప్రతినిధులందఱును దక్కుదురు. ఓడినవానికి నూటికి ముప్పది వోట్లు వచ్చినను, నలువదియెనిమిది వచ్చినను ఫలము సున్నయే. కావున తూగుచున్న నాలుగైదు రాష్ట్రములపై ధనవర్షము కురియును, తక్కినవి యెండుచుండును.

1865లో ముగిసిన అంతర్యుద్ధమున బానిసత్వమును రూపుమాపినది రిపబ్లికను పక్షము. 1877లో కేంద్రప్రభుత్వము దక్షిణమున సేనల యండను ఉపసంహరించుకొనిన పిదప, అచ్చటి శ్వేతజాతీయులు నల్లజాతివారి వోటుహక్కును మొదట దౌర్జన్యముచేతను, తరువాత శాసనములచేతను హరించిరి. 1880 మొదలు 1916 వఱకు జరిగిన ప్రతి అధ్యక్షుని యెన్నికలోను, మునుపు తిరుగుబాటు చేసిన 11 రాష్ట్రములును డెమోక్రాటులకే దక్కినవి. అయిన అచ్చట రిపబ్లికను పక్షము చచ్చెనా? చావలేదు; పోస్టాఫీసులలో దలదాచుకొనెను. ఆ పక్షమువాడు అధ్యక్షుడైనపుడు పోస్టుమాస్టరు మొదలగు కొలువులను దక్షిణమునందలి తన వారికి పంచిపెట్టెడివాడు. వారు పక్ష మహాసభకు ప్రతినిధులై వచ్చి ఆయనకే వోటిచ్చెడివారు. 1912లో షికాగో మహాసభయందు టాఫ్టు రూజువెల్టును ఓడించుటకు ఈ దక్షిణ ప్రతినిధులు మిక్కిలి తోడ్పడిరి. ఆ యేటి యసలు యెన్నికలో టాఫ్టునకు దక్కినవి యూటా, వెర్మాంటు అను రెండే రాష్ట్రములు. దక్షిణమున నొక్కటియు లేదు! ఓడెడిసీమకు పంపిన సొమ్ము ప్రజల వోట్లను దేలేదు. ఇంటిలోని పోరునకు మాత్రము పనికివచ్చెను.

1957లో ఆ పక్షపు జాతీయాధ్యక్షుడగు మీడ్ ఆల్కార్న్ వేఱొక మార్గము ద్రొక్కెను. దక్షిణమునకై ప్రత్యేకశాఖ నేర్పఱచి, వర్జీనియావాసి యగు లీ పాటరును దానికి పెద్దగా నియమించెను. ‘ఆపరేషన్ డిక్సీ’ యని దీనికి పేరు. డిక్సీ యనగా దక్షిణసీమకు ముద్దుపేరు. జిల్లా జిల్లాకును సంఘములు స్థాపించుట, నిలుచువారే లేని స్థానములకు అభ్యర్థులను వెదకుట దీని పని. 1961లో టెక్సాసునుండి జాన్ టవరు సెనేటునకు ఎన్నికయ్యెను. యుద్ధానంతరపు పునర్నిర్మాణకాలము దాటినపిమ్మట ఆ రాష్ట్రమునుండి రిపబ్లికను సెనేటరు రాలేదు. 1962లో అలబామాలో జేమ్స్ మార్టిన్ 7,000 వోట్ల లోపు తేడాతో మాత్రమే ఓడిపోయెను.

ఇంతవఱకు కథ మెచ్చదగినదే. కాని ఆ సీమలో శీఘ్రముగా ఫలించు విత్తనమేది? నల్లజాతివారికి సమానహక్కు లీయరాదను కోపము. 1957లోనే లిటిల్ రాక్ పట్టణమున నల్లజాతి పిల్లలను పాఠశాలకు జేర్చుటకై రిపబ్లికను అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సైన్యమును బంపెను. 1964లో పౌరహక్కుల శాసనమునకు సెనేటులోని 33 మంది రిపబ్లికనులలో 27 మంది అనుకూలముగా వోటిచ్చిరి. ప్రతికూలించిన ఆర్గురిలో నొకడైన గోల్డ్‌వాటరునే ఆ పక్షము అధ్యక్షపదవికి నిలిపెను. ఆయన దేశమంతటను ఓడి, స్వరాష్ట్రమగు ఆరిజోనాతోపాటు దక్షిణమున అయిదు రాష్ట్రములను గెలిచెను. మిస్సిసిపీలో నూటికి 87 వోట్లు ఆయనవే. బానిసత్వమును రూపుమాపిన పక్షమునకు నల్లజాతివారు నాటినుండి దూరమైరి. 1994 నాటికి దక్షిణమునందలి ప్రతినిధిసభాస్థానములలో అధికభాగము రిపబ్లికనుల వశమయ్యెను. ఈ లాభమునకై వారు చెల్లించినది డాలరులు మాత్రమే కాదని మేము తలంతుము.

ఇక రెండవ పూనిక. వెర్మాంటు గవర్నరుగా పనిచేసిన హోవర్డ్ డీన్ అను వైద్యుడు 2005లో డెమోక్రాటు పక్షపు జాతీయాధ్యక్షుడయ్యెను. 50 రాష్ట్రములలోను, గెలుపు మాట కలలోనైనను లేనిచోటను సైతము, పక్షధనముతో జీతమిచ్చి కార్యకర్తలను నిలుపుట ఆయన సంకల్పము. రాష్ట్రమునకు ఇంచుమించు ముగ్గురు నలుగురు చొప్పున వారిని నియమించిరి. ఓటరుల జాబితాలను సవరించుట, వీధివీధికి మనిషిని గుర్తించుట, పురపాలకసంఘముల యెన్నికలకు సైతము అభ్యర్థులను వెదకుట వారి పని. పేరు ప్రతిష్ఠలు తెచ్చు పని కాదు.

2006లో ప్రతినిధిసభ యెన్నికల భారము వహించిన రామ్ ఎమాన్యుయేలు దీనికి అడ్డుచెప్పెను. వ్రేలెడు దూరములో గెలుపున్న స్థానములకు ప్రకటనల ఖర్చు చాలక యుండగా, మిస్సిసిపీలో జీతము లిచ్చుట యేల యని ఆయన వాదము. అందు న్యాయము లేకపోలేదు. ఆ యేడు పక్షమునకు ఉభయసభలలోను ఆధిక్యము వచ్చెను. గెలిచిన కొలదిదినములకే జేమ్స్ కార్విల్ అను తంత్రజ్ఞుడు డీనును తొలగింపవలెనని బహిరంగముగా బలికెను. గెలిచినవారి నోట నీ మాట వచ్చుట వింతయే! 2008 మే నెలలో మిస్సిసిపీ మొదటి నియోజకవర్గమున, ఉపయెన్నికలో, ట్రావిస్ చిల్డర్స్ అను డెమోక్రాటు గెలిచెను. ఆ నవంబరులో ఒబామా ఇండియానా, వర్జీనియాలను గెలిచెను. 1964 తరువాత ఆ రెండును ఆ పక్షమునకు దక్కియుండలేదు. ఇదంతయు డీను ఫలమే యనుట సాహసము: ఒబామాకు స్వంత ధనమును, స్వంత సేనయు కలవు.

తరువాతి కథ మఱింత బోధకము. 2009లో డీను వైదొలగెను. రాష్ట్రములలోని జీతములు నిలిచినవి. 2010లో ఆ పక్షము ప్రతినిధిసభలో 63 స్థానములు కోల్పోయెను, చిల్డర్సును ఓడెను. అలబామా శాసనసభ 136 ఏండ్లకు రిపబ్లికనుల చేత జిక్కెను. ఆ ఓటమికి దేశపు ఆర్థికదుఃస్థితి మొదలగు పెద్ద కారణము లుండవచ్చును. అయినను అది జనసంఖ్య గణించిన సంవత్సరము. నియోజకవర్గపు హద్దులు గీయునది పెక్కుచోట్ల రాష్ట్రశాసనసభలే. చిన్న యెన్నికలను గాలికి వదలినవారు పదియేండ్లకు సరిపడు హద్దుల గీతను కూడ వదలుకొనిరి.

పాఠశాలలో పటము జూపునపుడు రాష్ట్రమంతయు నొకే రంగున నుండుట జూచి, అచ్చట రెండవ పక్షమువారే లేరని పిల్లలు భ్రమపడుదురు. పెద్దలకును ఆ భ్రమ కలదు. మిస్సిసిపీలో 2020లో నూటికి 41 మంది డెమోక్రాటు అభ్యర్థికి వోటిచ్చిరి. ఆ రాష్ట్రజనులలో మూడవవంతునకు మించి నల్లజాతివారు. వోటుకొఱకు ప్రాణములొడ్డినవారి సంతతి. ఎట్లును ఓడుదురు గదా యని వారి తలుపు తట్టువాడే లేకున్న, ఆ పక్షము వారికేమి ప్రాతినిధ్యము వహించినట్లు?

2025 ఫిబ్రవరిలో జాతీయాధ్యక్షుడుగా ఎన్నికైన కెన్ మార్టిన్ ఈ మార్గమునే మరల బట్టెను. నెలకు ప్రతి రాష్ట్రశాఖకును 17,500 డాలరులు, రిపబ్లికనుల కోటలగు రాష్ట్రములకు 22,500 డాలరులు ఇత్తుమని ఆ యేప్రిలులో బ్రకటించిరి. జాతీయాధ్యక్షు నెన్నుకొనువారిలో ఓడెడి రాష్ట్రములవారును గలరు. కావున ఈ ఔదార్యమున టాఫ్టునాటి పోస్టాఫీసుల వాసన యించుక యున్నదని యెవరైన ననిన మేము కాదనము. కాని అంతకు ముందటి యేడు, అనగా 2024లో, ఆ పక్షపు అధ్యక్షాభ్యర్థిని నూరుకోట్ల డాలరులకు మించి కూడబెట్టి, తూగుచున్న ఏడు రాష్ట్రములలో ఏడింటను ఓడిపోయెను. 22,500 డాలరులతో నొక చిన్న కార్యాలయపు అద్దెయు, కొలదిమంది పనివారి జీతమును గడచును. వారు ఎన్ని యెన్నికలవఱకు అచ్చట నుందురో చూడవలసియున్నది.