దూరం నుంచి నడిపే మానవాకార రోబోలు: ఆపరేటర్ శిక్షణ చరిత్ర

ఒకచోట కూర్చున్న మనిషి మరోచోట ఉన్న మానవాకార రోబో ద్వారా చూసి, విని, మాట్లాడే పద్ధతిని టెలీప్రెజెన్స్ అంటారు. రోబోను నడిపే వ్యక్తి ఆపరేటర్. యంత్రాన్ని కదిలించడంతో పాటు ఎదుటివారితో తడబడకుండా సంభాషించడమూ ఆపరేటర్ నేర్చుకోవాలి. ఈ రంగంలో ఎంతో కృషి జపాన్‌లో జరిగింది.

తొలి రోజులు

రేడియోధార్మిక పదార్థాలను తాకకుండా పట్టుకోవడానికి 1940ల చివర అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో రేమండ్ గోర్ట్జ్ యాంత్రిక చేతులను రూపొందించాడు. అప్పుడు కావలసింది చేతి ఒడుపు మాత్రమే. 1980లో పరిశోధకుడు మార్విన్ మిన్‌స్కీ టెలీప్రెజెన్స్ భావనను ప్రచారంలోకి తెచ్చాడు. ఇంచుమించు అదే కాలంలో జపాన్‌లో సుసుము తాచి ఇలాంటి ఆలోచననే టెలెగ్జిస్టెన్స్ పేరుతో ప్రతిపాదించాడు.

మాట్లాడే రోబోలు

2006లో జపాన్ పరిశోధకుడు హిరోషి ఇషిగురో అచ్చం తన పోలికలతో జెమినాయిడ్ హెచ్ఐ-1 అనే రోబోను తయారుచేయించాడు. ఆపరేటర్ మాట్లాడుతుంటే పెదవుల కదలికను కెమెరాలు పసిగట్టి రోబోకు అందించేవి. రెప్పపాటు, ఊపిరి కదలిక వాటంతటవే జరిగేవి. తల ఊపడం, చూపు తిప్పడం వంటివి ఆపరేటర్ ఎంచుకోవాలి. అందుకే ఏ సైగ ఎప్పుడు చేయాలన్నదే సాధనలో కీలకమైంది. తన కదలికకు రోబో వెంటనే స్పందిస్తే ఆపరేటర్‌కు అది తన శరీరమే అన్న భావన కలుగుతుందని, ఆలస్యమైతే ఆ భావన సడలుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

2010లో వచ్చిన టెలినాయిడ్ అనే రోబోకు వయసు, ఆడామగా తేడా తెలియని ముఖం, పొట్టి చేతులు మాత్రమే ఉంటాయి. జపాన్, డెన్మార్క్‌లలో దీన్ని వృద్ధులతో మాట్లాడించి పరీక్షించారు. ముఖంలో హావభావాలు తక్కువ కాబట్టి భారమంతా ఆపరేటర్ గొంతు మీద పడింది.

ఉపాధి, పోటీలు

కదలలేని వారికి రోబోను నడపడం జీవనోపాధి కూడా అయింది. 2018లో ప్రయోగాత్మకంగా నడిచి, 2021లో టోక్యోలో శాశ్వతంగా తెరుచుకున్న డాన్ కేఫ్‌లో వికలాంగులు ఇంటి నుంచే ఒరిహిమె రోబోలను నడుపుతూ అతిథులను పలకరిస్తారు. చేతులు కదలనివారికి కంటిచూపుతో నడిపే సదుపాయం ఉంది.

శిక్షణ ఎంత తేలికగా ఉండాలన్నది 2022 నవంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో జరిగిన ఏఎన్ఏ అవతార్ ఎక్స్‌ప్రైజ్ తుది పోటీలో పరీక్షకు వచ్చింది. అక్కడ రోబోను తయారుచేసిన వారు దాన్ని నడపకూడదు. న్యాయనిర్ణేతకు కొద్దిసేపట్లో నేర్పించి, ఆయన చేత నడిపించాలి. ఆయన రోబో ద్వారా తనను పరిచయం చేసుకొని, అవతల ఉన్న వ్యక్తి నుంచి సూచనలు తీసుకొని, పనులు పూర్తిచేయాలి. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయ బృందం నింబ్రో మొదటి స్థానంలో నిలిచి 50 లక్షల డాలర్లు గెలుచుకుంది.

జపాన్ ప్రభుత్వ మూన్‌షాట్ కార్యక్రమం 2030 నాటికి ఒక పనికి ఒకే వ్యక్తి పది లేదా అంతకన్నా ఎక్కువ అవతార్‌లను (దూరం నుంచి నడిపే రోబోల వంటివి), ఒక్క అవతార్‌ను నడిపినంత వేగంగా, కచ్చితంగా నడిపే సాంకేతికతను లక్ష్యంగా పెట్టుకుంది.